చీటీ లేని నొప్పి బిళ్ళ: మెట్ట కృష్ణాలో తెగని వాదం

జగ్గయ్యపేట, నందిగామ రెండూ 65వ నంబరు జాతీయ రహదారి వెంట పెరిగిన మెట్ట ఊళ్ళు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఇవి కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయి. చుట్టుపక్కల పత్తి, మిరప, మామిడి. వాటిని ఆనుకుని సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. పత్తి ఏరడం, మిరపకాయలు కోయడం, బస్తాలు మోయడం, లారీ నడపడం - ఏ పని చూసినా నడుమూ మోకాళ్ళూ అరిగేవే. పొద్దుగూకి పని దిగాక ప్రభుత్వాసుపత్రి ఓపీ మూసి ఉంటుంది, మందుల షాపు తెరిచి ఉంటుంది. చీటీ లేకుండా నొప్పి బిళ్ళ కొనడం ఈ ప్రాంతంలో వేళ్ళూనుకోవడానికి మొదటి కారణం ఇదే.

ఈ అలవాటు మీద ఇరవై ఏళ్ళుగా వాదం నడుస్తోంది. చట్టం అమలు కావడం లేదని ఒకరు, పేదవాడికి ఉన్న ఒక్క దారీ మూయొద్దని ఒకరు, కిడ్నీలు పోతున్నాయని ఒకరు, ముందు నొప్పి ఎందుకొస్తోందో చూడమని ఒకరు. అందరూ మాట్లాడేది ఒకే బిళ్ళ గురించి. కానీ ఒక్కొక్కరి మనసులో ఉన్న ప్రశ్న వేరు. అందుకే వాదం ఎంత సాగినా ఒక కొలిక్కి రాలేదు.

ఏ బిళ్ళ గురించి ఈ మాట?

కౌంటరు దగ్గర "నొప్పులకి ఒక సెట్టియ్యి" అంటే ఇచ్చేది ఒక మందు కాదు. కత్తెరతో షీట్లు కత్తిరించి మూడు నాలుగు రంగుల బిళ్ళలు చిన్న కాగితం కవర్లో వేస్తారు. పొద్దున, సాయంత్రం అని కవరు మీద పెన్నుతో గీత గీస్తారు. షీటు కత్తిరించేటప్పుడు మందు పేరూ గడువు తేదీ ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే మిగిలిపోతుంది. కవరు ఇంటికి తీసుకెళ్ళినవారికి తాము మింగేది ఏమిటో తెలిసే మార్గం అక్కడితో పోయింది. రేపు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా "తెల్ల బిళ్ళ, పసుప్పచ్చ బిళ్ళ" అని చెప్పడం తప్ప వేరే ఆధారం ఉండదు.

ఆ కవర్లో సాధారణంగా ఉండేవి మూడు రకాలు. మొదటిది పారాసెటమాల్. డోలో పేరుతో అందరికీ తెలిసిన ఈ మందు జ్వరాన్నీ నొప్పినీ తగ్గిస్తుంది, వాపు మీద దాని ప్రభావం నామమాత్రం. రెండోది డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, నిమెసులైడ్, మెఫెనమిక్ యాసిడ్ కుటుంబం. వాపు తగ్గించే నొప్పి మందులంటే అసలు ఇవే. మూడోది స్టిరాయిడ్: డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్. "భలే పనిచేసిందండీ, మళ్ళీ అదే ఇవ్వండి" అని జనం తిరిగొచ్చేలా చేసేది చాలాసార్లు ఈ మూడోదే. వీటితోపాటు ఒక గ్యాస్ బిళ్ళ. ఈ మూడింటినీ కలిపి "పెయిన్ కిల్లర్లు" అనేయడంతో వాదం సగం చిక్కుపడింది. పారాసెటమాల్‌ను సమర్థించే మాట అసెక్లోఫెనాక్‌కు వర్తించదు, అసెక్లోఫెనాక్ మీద చేసే విమర్శ స్టిరాయిడ్ చేసే నష్టంలో కొంతైనా చెప్పదు.

బిళ్ళ వచ్చిన దారి

1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఆస్పిరిన్ తయారైంది, 1899లో అమ్మకానికి వచ్చింది. అది ఎలా పనిచేస్తుందో 1971 దాకా ఎవరికీ తెలియదు. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాల తయారీని ఈ మందులు ఆపుతాయని ఆ ఏడాది జాన్ వేన్ చూపించారు, 1982లో నోబెల్ అందుకున్నారు. లాభం, నష్టం రెండూ అక్కడే ఉన్నాయి. ప్రోస్టాగ్లాండిన్లు నొప్పినీ వాపునూ పెంచుతాయి. కడుపు లోపలి పొరను కాపాడేవీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూసేవీ అవే. నొప్పిని ఆపే బిళ్ళ ఆ కాపలానూ ఆపుతుంది. 1969లో బ్రిటన్‌లో ఐబూప్రోఫెన్, 1974లో జపాన్‌లో డైక్లోఫెనాక్, 1985లో ఇటలీలో నిమెసులైడ్ వచ్చాయి. పదేళ్ళు తిరిగేసరికి నిమెసులైడ్ మన ఊళ్ళ షాపుల్లోకీ వచ్చి, జ్వరానికీ నొప్పికీ ఇంటింటి మందైంది.

తెలుగు నేల మీద పెద్ద మలుపు చికున్‌గున్యా. 2005 చివర్లో రాయలసీమలో మొదలై 2006లో రాష్ట్రమంతా చుట్టేసింది. ఆ ఏడాది దేశంలో 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. జ్వరం వారంలో పోయినా కీళ్ళ నొప్పులు నెలల తరబడి వదల్లేదు. రోజూ పొద్దున్నే ఒక బిళ్ళ వేసుకుంటే గానీ పనికి కదల్లేని స్థితి అప్పుడు పల్లెల్లో మామూలు విషయమైపోయింది. రెండు మూడు రోజుల మందు నెలల మందుగా మారిన సందర్భం అది. ఈ వాదంలో చికున్‌గున్యాకు దక్కాల్సిన చోటు దక్కలేదని నా అభిప్రాయం.

చట్టం చేతిలో ఏముంది?

1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1945 నాటి నియమాలు ఈ అమ్మకాలకు ఆధారం. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్, నిమెసులైడ్ వంటివి షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి. అంటే డాక్టరు చీటీ ఉంటేనే, రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే అమ్మాలి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 జాబితాలోని 46 మందులకు వేరే రిజిస్టరు పెట్టి, వివరాలు మూడేళ్ళు దాచాలి. ఆ జాబితా ప్రధానంగా యాంటీబయోటిక్స్, టీబీ మందులు, నిద్ర మాత్రల కోసం వచ్చింది. మామూలు నొప్పి బిళ్ళలు అందులో లేవు. వేరే కొసన షెడ్యూల్ కె ఉంది. వెయ్యికి మించని జనాభా ఉన్న పల్లెల్లో ఆస్పిరిన్, పారాసెటమాల్ వంటి ఇంటి మందులు లైసెన్సు లేకుండా అమ్ముకోవచ్చని అది చెబుతుంది.

ఈ రెండు కొసల మధ్య ఇంకో మెట్టు లేదు. చాలా దేశాల్లో చీటీ లేకుండా, కానీ ఫార్మసిస్టు ప్రశ్నలు అడిగాకే అమ్మే మందుల తరగతి ఒకటుంటుంది. మన దగ్గర 2022 మేలో కేంద్రం 16 మందులను చీటీ లేకుండా అమ్మేందుకు ముసాయిదా విడుదల చేసింది. పారాసెటమాల్, డైక్లోఫెనాక్ పూతమందు వంటివి అందులో ఉన్నాయి. ఐదు రోజులకు మించి ఇవ్వకూడదన్నది షరతు.

నిషేధాల చరిత్ర వేరే. గుండెపోటు ప్రమాదం బయటపడి 2004 సెప్టెంబరులో రోఫెకాక్సిబ్‌ను తయారీదారే ప్రపంచ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. నిమెసులైడ్‌ను 2011లో పన్నెండేళ్ళలోపు పిల్లలకు నిషేధించారు, 2025 డిసెంబరు చివర్లో 100 మిల్లీగ్రాములు మించిన మాత్రలనూ ఆపేశారు. 2016లో 344 మిశ్రమ మందులు, కోర్టుల్లో వాదోపవాదాల తర్వాత 2018లో 328, 2024 ఆగస్టులో మరో 156 నిషేధ జాబితాకెక్కాయి. 2024 జాబితాలో 50 మిల్లీగ్రాముల అసెక్లోఫెనాక్‌తో 125 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కలిపిన మాత్ర ఉంది. పెద్దవాళ్ళు వాడే 100, 325 మిల్లీగ్రాముల జోడీ మాత్రం షాపులో అలాగే ఉంది. సామాన్యుడికి ఈ తేడా ఎవరు చెప్పాలి?

ఒక పక్క మాట. ఇదే డైక్లోఫెనాక్ పశువులకు వేయడం వల్ల, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోయాయి. కారణం ఇదేనని 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. 2006లో భారత్ పశువుల వాడకాన్ని నిషేధించింది. మనుషుల ఇంజక్షన్ పెద్ద సీసాల్లో దొరికితే పశువులకు మళ్ళుతోందని 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించారు. సీసా సైజు మార్చడం వంటి చిన్న నియమం షాపు దగ్గర వాడకాన్ని మార్చగలదనే ఆలోచన చట్టంలోకి ఎక్కిన అరుదైన సందర్భమిది.

నాలుగు వాదాలు

మొదటిది చట్టం వాదం. ఔషధ నియంత్రణ అధికారులు, డాక్టర్ల సంఘాలు ఎక్కువగా ఇటువైపు. చీటీ లేనిదే అమ్మకం వద్దు, ఫార్మసిస్టు షాపులో కూర్చోవాలి, సర్టిఫికెట్టు అద్దెకిచ్చి తాను వేరే ఉద్యోగం చేసుకోవడం ఆగాలి అంటారు. తప్పుపట్టలేని మాటలే. కానీ చీటీ రాసే డాక్టరు సాయంత్రం ఆరింటికి పల్లెలో ఎక్కడున్నారన్న ప్రశ్న వచ్చేసరికి ఈ వాదం ఆగిపోతుంది.

రెండోది అందుబాటు వాదం. షాపువాళ్ళు, ఆర్‌ఎంపీలుగా పిలిచే గ్రామీణ వైద్యులు, ప్రజారోగ్య రంగంలోని కొందరు దీన్ని వినిపిస్తారు. దేశంలో వైద్యం మీద అయ్యే ఖర్చులో 39.4 శాతం జనం సొంత జేబులోంచే పెట్టారని 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాలు చెప్పాయి. నడుం నొప్పికి విజయవాడో ఖమ్మమో వెళ్ళాలంటే బస్సు చార్జీ, డాక్టరు ఫీజు, పరీక్షలు, అన్నిటికీ మించి పోయిన కూలి. షాపులో కొన్ని రూపాయలతో పని అయిపోతుంది. సొంతంగా మందు కొనుక్కోవడం అజ్ఞానమని కొట్టిపారేసేవారు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి. అయితే ఈ వాదంలోనూ ఒక లోపముంది. షాపులో దొరికేది చవక మందు అనుకుంటే, అవసరం లేని బిళ్ళలు కలిపిన సెట్టు చవక కాదు. వాపు తగ్గిస్తుందని అసెక్లోఫెనాక్‌తో కలిపి అమ్మే సెరాషియోపెప్టిడేజ్‌నే తీసుకోండి. అది పనిచేస్తుందని తిరిగి నిరూపించలేక జపాన్‌లో తయారీదారు 2011లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. మన దగ్గర ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

మూడోది కిడ్నీ డాక్టర్ల వాదం. దీన్ని కొంచెం వివరంగా చూడాలి. నీడ పట్టున కూర్చుని పనిచేసే ఆరోగ్యవంతుడు రెండు రోజులు ఒక బిళ్ళ వేసుకుంటే కిడ్నీకి పెద్దగా ఏమీ కాదు. మార్చి, ఏప్రిల్ ఎండలో మిరప కోతకు వెళ్ళిన మనిషి సంగతి వేరు. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గుతుంది. అప్పుడు కిడ్నీకి రక్తం తీసుకెళ్ళే నాళాన్ని తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్లే. సరిగ్గా ఆ వేళకు డైక్లోఫెనాక్ పడితే ఆ ఏర్పాటు దెబ్బతింటుంది. ఆ మనిషి బీపీకి టెల్మిసార్టన్ కూడా వాడుతుంటే, దానితోపాటు మూత్రం ఎక్కువ పోయే మందు ఉంటే, మూడూ కలిసి కిడ్నీని ఉన్నట్టుండి కుదేలు చేయగలవు. విడివిడిగా మూడూ మంచి మందులే. బీపీ మాత్ర రాసిన డాక్టరుకు నొప్పి బిళ్ళ సంగతి తెలియదు, నొప్పి బిళ్ళ ఇచ్చిన షాపతనికి బీపీ మాత్ర సంగతి తెలియదు. గ్యాస్ బిళ్ళ వేసుకున్నాం కదా, ఇంకేం కాదన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. అది కడుపులో పుండు పడకుండా కొంతవరకు ఆపుతుంది గానీ కిడ్నీకి చేసే మేలు ఏమీ లేదు.

గుండె సంగతీ ఇందులో భాగమే. పెద్ద మోతాదులో డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వాడితే గుండెపోటు వంటి ప్రమాదాలు దాదాపు మూడో వంతు పెరుగుతాయని 2013లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. ఏడాదిపాటు వాడిన వెయ్యి మందిలో ముగ్గురికి అదనంగా ప్రమాదం, వారిలో ఒకరికి ప్రాణాంతకం అని దాని లెక్క. వానాకాలంలో వచ్చే జ్వరం డెంగీ అయితే ఈ బిళ్ళలు రక్తస్రావం ముప్పును పెంచుతాయి. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వాడమని డాక్టర్లు మొత్తుకునేది అందుకే. గర్భిణులు 20 వారాలు దాటాక డాక్టరు చెప్పకుండా వీటిని వాడకూడదని అమెరికా ఔషధ సంస్థ 2020లో హెచ్చరించింది. నెలసరి నొప్పికి మన ఆడవాళ్ళు ఎక్కువగా వాడే మెఫెనమిక్ యాసిడ్ అరుదుగా ఒళ్ళంతా దద్దుర్లతో తీవ్రమైన అలర్జీకి దారితీయవచ్చని మన ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో అప్రమత్తం చేసింది.

నాలుగోది శ్రమ వాదం. దీన్ని వినేవాళ్ళు తక్కువ. బిళ్ళ గురించి మాట్లాడే ముందు బస్తా బరువు, వంగి చేసే పనిగంటలు, చేలో నీడ, తాగునీరు గురించి మాట్లాడమంటుంది. పత్తి తీతకు కూలి కిలోల లెక్కన ఇస్తున్నంతకాలం ఒక్క పూట విశ్రాంతి కూడా కూలి నష్టమే. ఆ నష్టాన్ని తప్పించుకోడానికి మింగే బిళ్ళను మందుల దుర్వినియోగం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఈ వాదం బలం కారణాన్ని పట్టుకోవడంలో ఉంది. రేపు సాయంత్రం షాపుకొచ్చే మనిషికి ఏం చెప్పాలో మాత్రం ఇది చెప్పదు.

ఎ.కొండూరు, ఉద్దానం: నేరం బిళ్ళదేనా?

ఎన్టీఆర్ జిల్లాలోనే, తిరువూరు వైపు, ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ళుగా ప్రాణాలు తీస్తోంది. కారణం ఏమిటన్న చర్చలో బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్, సిలికా, సారా, నొప్పి బిళ్ళలు అన్నీ వచ్చాయి. ప్రభుత్వం కృష్ణా నీళ్ళు పైపుల్లో తెచ్చే పని పెట్టుకుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కథ ఇంకా పాతది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో బీపీ, షుగరు వంటి తెలిసిన కారణాలేవీ లేకుండానే కిడ్నీలు చెడిపోతున్నాయి. 2023 డిసెంబరులో అక్కడ మంచినీటి పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మధ్య అమెరికా చెరకు తోటల్లో, శ్రీలంక వరి పొలాల్లో ఇలాంటి జబ్బే ఉంది. ఎండ, నీటి కొరత, పురుగుమందులు, భూగర్భ జలాలు, నొప్పి మందులు అన్నిచోట్లా అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ఏ ఒక్కటీ ఒంటరిగా దోషి అని ఇంతవరకు రుజువు కాలేదు.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతున్నాయి. కిడ్నీ జబ్బంతా నొప్పి బిళ్ళల పుణ్యమే అనేవారు, నీళ్ళ మీద రావలసిన ప్రశ్నను రోగి మీదకు తోస్తున్నారు. అంతా నీళ్ళే అనేవారు, ఇప్పటికే సగం చెడిన కిడ్నీకి రోజూ ఒక అసెక్లోఫెనాక్ చేసే నష్టాన్ని వదిలేస్తున్నారు. మూలకారణం ఏదైనా, చెడుతున్న కిడ్నీకి ఈ బిళ్ళ మరింత చేటన్నది మాత్రం వివాదం లేని సంగతి.

వేరేచోట్ల ఏం చేశారు

1953లో స్విట్జర్లాండ్ డాక్టర్లు ఫెనాసెటిన్ ఉన్న నొప్పి మందులకూ కిడ్నీ జబ్బుకూ సంబంధం ఉందని రాశారు. ఆస్ట్రేలియాలో తలనొప్పి పొడులు రోజువారీ అలవాటుగా వాడేవారు. అక్కడ 1979లో మిశ్రమ నొప్పి మందుల చీటీలేని అమ్మకాన్ని ఆపేశారు, ఆ తర్వాతి ఏళ్ళలో ఆ రకం కిడ్నీ జబ్బు బాగా తగ్గింది. బ్రిటన్ 1998లో వేరే దారి ఎంచుకుంది: పారాసెటమాల్‌ను నిషేధించలేదు, ఒకసారికి అమ్మే మాత్రల సంఖ్యను తగ్గించింది. పెద్ద మోతాదు మింగి చనిపోయేవారి సంఖ్య ఆ తర్వాత తగ్గింది.

మనకు దగ్గరి పాఠం పశ్చిమ బెంగాల్‌ది. బీర్భూమ్ జిల్లాలో డిగ్రీ లేని గ్రామీణ వైద్యులకు తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చి ఫలితం కొలిచారు. అభిజిత్ బెనర్జీ, జిష్ణు దాస్ తదితరుల ఆ అధ్యయనం 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. రోగికి సరైన వైద్యం చేయడం మెరుగైంది. అవసరం లేని మందులు ఇవ్వడం మాత్రం తగ్గలేదు. శిక్షణతో తెలివి పెరుగుతుంది గానీ, మందు అమ్మితేనే ఆదాయం వచ్చే ఏర్పాటు అలాగే ఉంటే చెయ్యి ఆగదు. ఉమ్మడి రాష్ట్రంలో ఆర్‌ఎంపీల శిక్షణ మీద నడిచిన చర్చలో ఈ సంగతి ముందే గమనించి ఉండాల్సింది.

పక్కపక్కన పెట్టి చూస్తే

చట్టం వాదం మందును చూస్తుంది, అందుబాటు వాదం ఖర్చును, కిడ్నీ డాక్టర్లు అవయవాన్ని, శ్రమ వాదం పనిని చూస్తుంది. చట్టం వాదానికి అధికారం ఉంది, అమలు చేసే మనుషులు చాలరు. అందుబాటు వాదానికి జనం మద్దతు ఉంది, భద్రత లేదు. డాక్టర్ల దగ్గర శాస్త్రం ఉంది, వాళ్ళు రోగిని చూసేసరికి ఆలస్యమైపోతుంది. శ్రమ వాదం వేరు దాకా వెళ్ళింది గానీ దాన్ని భుజాన వేసుకున్న శాఖ ఏదీ లేదు.

నా అంచనాలో అసలు ప్రశ్న చీటీ ఉందా లేదా అన్నది కాదు. ఎన్ని రోజులుగా, ఇంకే మందుతో కలిపి, ఏ స్థితిలో ఉన్న మనిషి అన్నదే. చీటీ పట్టుకొచ్చి అదే చీటీ మీద ఆరు నెలలు అసెక్లోఫెనాక్ కొనేవారికీ, చీటీ లేకుండా రెండు రోజులు పారాసెటమాల్ కొనేవారికీ ప్రమాదం ఒకటి కాదు. చట్టం వాదం మాత్రం మొదటివారిని వదిలి రెండోవారి మీద చర్చ పెడుతుంది. కౌంటరు దగ్గర నాలుగు ప్రశ్నలు - ఎన్నాళ్ళుగా వాడుతున్నారు, బీపీ షుగరు మందులు ఉన్నాయా, జ్వరమా ఒట్టి నొప్పా, కడుపుతో ఉన్నారా - అడగడం తప్పనిసరి చేసి, షీటును పేరూ తేదీ కనపడేలా ఇవ్వాలని, స్టిరాయిడ్‌ను మాత్రం చీటీ లేకుండా అసలు ఇవ్వకూడదని పట్టుబడితే, ఇప్పుడున్న చట్టం పరిధిలోనే చాలా నష్టం ఆగుతుంది.

తేలవలసినవి

ఆ ప్రశ్నలు అడిగేది ఎవరన్నది మొదటి చిక్కు. షాపులో నిలబడేది ఎక్కువగా నెలజీతం కుర్రాడు. బిళ్ళ వద్దని పంపితే పక్క షాపు ఉంది. "ఇవ్వను" అన్న షాపతనికి కలిగే నష్టం ఎవరు భరించాలో ఏ వాదమూ చెప్పలేదు. బీపీ మాత్ర వేసుకునే అరవై ఏళ్ళ మనిషికి మోకాలి నొప్పికి ఏ మందు ఇవ్వాలన్నది కూడా తేలికైన ప్రశ్న కాదు. పారాసెటమాల్ మోకాలి అరుగుదలకు అంతగా పనిచేయదని అధ్యయనాలు చెబుతున్నాయి. పూతమందు కొంత నయం, అది ఒంట్లోకి తక్కువగా వెళుతుంది. వ్యాయామం, ఫిజియోథెరపీ నిజంగా మేలు చేస్తాయి, కానీ అవి దొరికేది ఊళ్ళో కాదు.

లెక్క సంగతి మిగిలింది. 30 ఏళ్ళు దాటినవారికి బీపీ, షుగరు చూసేందుకు ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వెళ్తున్నారు. పొగాకు, మద్యం అలవాట్లు అడిగి ఫారంలో రాసుకుంటున్నారు. వారంలో ఎన్ని రోజులు నొప్పి బిళ్ళ వేసుకుంటారన్న ప్రశ్న కూడా ఆ ఫారంలో చేర్చి, ఎక్కువ రోజులు వాడేవారికి అక్కడే రక్తంలో క్రియాటినిన్ పరీక్షకు చీటీ రాసిస్తే, జగ్గయ్యపేట నుంచి ఎ.కొండూరు దాకా ఎవరి కిడ్నీ ఏ దశలో ఉందో, అందులో బిళ్ళ వాటా ఎంతో తెలుసుకునే వీలు కలుగుతుంది.